చిన్నప్ప కార్డులో లేని మాట

ఆ పోస్టుకార్డులో ఐదు క్రియలున్నాయి. నేను ఆరు చదివాను.

పుంగనూరులో మా అవ్వ ఇంటి పక్క వాకిట్లో, మధ్యాహ్నం టపా వచ్చిపోయాక, నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న దానియేలు తాతకు ఆ కార్డు చదివి వినిపించాను. అప్పటికి ఆయనకు రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. కార్డు లాటిన్‌లో ఉంది. దున్నాను, విత్తాను, వాన పడింది, ఏనుగులు వచ్చాయి, తినేశాయి. అంతవరకే రాసి ఉంది. నేను ఒక్క ఊపిరి ఆగి, ‘ఇగ్నోవి’ అన్నాను. క్షమించాను అని దానికి అర్థం.  “మళ్లా సదువు పాపా,” అన్నాడు తాత. మళ్లీ చదివాను, ఆరూ చదివాను. “ఆ కడపటి మాట యాడ రాసినాడు? ఆ గీతలోనేనా, కింద వేరేగానా?” అని అడిగాడు. “కింద, వేరేగా,” అన్నాను. “సరే, ఇట్లియ్యి,” అని చెయ్యి చాపి కార్డు తీసుకున్నాడు. దాన్ని బోర్లించి, బొటనవేలితో అడుగు భాగాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా తడిమాడు. తర్వాత తలగడ కింద పెట్టుకున్నాడు. నాకు పదిహేడేళ్లు. ఒక మనిషికి మేలు చేశానని నాకు గట్టి నమ్మకం.

మా అమ్మ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో వార్డు ఆయా. నాన్న రోడ్డు పనికి పోయేవాడు. ఆసుపత్రి వెనక పనివాళ్ల లైన్లలో మాకు ఒకే గది ఉండేది. మేము నలుగురు పిల్లలం. పది పాసయ్యాక ఇంటర్మీడియట్‌కు నన్ను పుంగనూరులో అవ్వ దగ్గర పెట్టారు. అవ్వ ఇంటికీ దానియేలు తాత ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఆయన బహుకాలం మదనపల్లె వైపు ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. వీధంతా ఆయన్ను కాంపౌండరయ్య అనేది, నేను తాతా అనేదాన్ని. ఆయన ఇంట్లో అడుగుపెడితే ముందు వాసన పలకరించేది. కర్పూరం, వాము, గంధకం, వేసలైను. పనిలోంచి దిగినా చెయ్యి ఊరుకోక వీధిలో వాళ్లకు పళ్లపొడి, తామరకు మలాము నూరి ఇచ్చేవాడు. కళ్లు మసకబారిన తర్వాత కూడా కల్వం వదలలేదు. పొడి సరిగ్గా నలిగిందో లేదో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చెప్పేవాడు. పొట్లం కట్టడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, చివర్లు ఒకదాంట్లో ఒకటి దూర్చితే బండి మీద వేసుకుపోయినా పొడి రాలేది కాదు. ఆ మడత నాకు ఇప్పటికీ వచ్చు.

ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన లాటిన్ వ్యాకరణం ఒకటి ఉండేది. అది యాభై ఎనిమిదో పేజీతో మొదలయ్యేది. ముందు పేజీలు ఏమయ్యాయని అడిగితే ఆయన నవ్వాడు. “ఒక వానాకాలం ఊరంతా జ్వరాలు, ఆసుపత్రిలో పొట్లాలకు కాగితం అయిపోయింది. నేనే సింపినాను పాపా. వర్తమానమంతా జ్వరమొచ్చినోళ్ల ఇండ్లకు పొయ్యింది.” యాభై ఎనిమిదో పేజీలో భూతకాలం మొదలవుతుంది. కాబట్టి నేను నేర్చుకున్న లాటిన్‌లో ఎవరూ ఏ పనీ చేస్తూ ఉండరు, చేయబోరు. అందరూ చేసేసి ఉంటారు. మిగతాది నోటితో చెప్పమని అడిగాను. “జరిగింది రాస్తే సాలు, జరగబోయేది మనకేం తెలుసు,” అనేశాడు.

పాఠం కల్వం దగ్గర జరిగేది. ఆయన నూరుతూ ఉంటే నేను ఎదురుగా పొట్లాలకు పాత పేపర్లు కోస్తూ కూర్చునేదాన్ని. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు: ఆరు మంది, ఆరు తోకలు, కల్వంలో ఆరు దెబ్బలు. అమావి, అమావిస్తి, అమావిత్, అమావిముస్, అమావిస్తిస్, అమావేరుంత్. ప్రేమించాను, ప్రేమించావు, ఇలా చివరి దాకా. నేను తడబడితే దెబ్బ గాలిలో ఆగిపోయేది. నేను అందుకునే దాకా కిందికి దిగేది కాదు. ‘వచ్చారు’ అనే ‘వేనేరుంత్’ దగ్గర ఎన్నోసార్లు ఆగింది. అవ్వ గోడ అవతలి నుంచి, “ఏం మంత్రాలు నేర్పిస్తాండావప్పా మా పాపకు? దయ్యాలు గియ్యాలు వస్తాయేమో,” అనేది. “దయ్యాలకు ఈ బాస రాదులేమ్మా,” అని ఈయన జవాబు. అవ్వకు ఆ మాట చాలేది కాదు. దేవుడు తెలుగులో వింటాడు, ఇంగ్లీషులో వింటాడు, ఇది ఎవరు వినేదని ఆమె అనుమానం. కాలేజీ పుస్తకాల్లో చదివిందేదీ నాకిప్పుడు గుర్తులేదు. ఆ ఆరు దెబ్బలు మాత్రం చెవిలో ఉండిపోయాయి.

ఆయన ఇదంతా నేర్పింది నా మీద ప్రేమతోనే కాదు. ఆయనకు చదివిపెట్టే కళ్లు కావాలి. నెలకో రెణ్ణెల్లకో రామకుప్పం నుంచి ఒక కార్డు వచ్చేది. కుప్పానికి ఇవతల, అడవి అంచున ఉన్న పల్లెలో చిన్నప్ప అనే రైతు దాన్ని రాసేవాడు. దానియేలు, చిన్నప్ప చిన్నతనంలో ఒక బైబిలు పాఠశాలలో కలిసి చదివారు. అక్కడొక దొర వీళ్లకు లాటిన్ చెప్పాడు. ఇద్దరూ కూలి చేసుకునే ఇళ్ల పిల్లలే. పాదిర్లు కావాలనుకున్నారు, ఇద్దరూ కాలేదు. కార్డుకు కవరు ఉండదు కదా. పోస్టుమ్యాన్ చదువుతాడు, టీ అంగడిలో చదువుతారు, ఇంటికి చేరేసరికి అందులో సంగతి మనకంటే ముందు వీధికి తెలిసిపోతుంది. అందుకని వీళ్లు లాటిన్‌లో రాసుకునేవాళ్లు. మా పోస్టుమ్యాన్ నారాయణప్ప దాన్ని కంటిమందుల చీటీ అనుకున్నాడు. “ఎన్ని మందులు రాస్తాండాడప్పా ఆ రామకుప్పం డాక్టరు,” అంటూ కార్డు నా చేతిలో పెట్టేవాడు. “నీ కండ్లు మాత్రం రాలా.” తాత నవ్వి, “మందు మంచిదే నారాయణప్పా, రోగమే పాతది,” అనేవాడు.

కార్డుల్లో సేద్యం తప్ప ఏమీ ఉండేది కాదు. రాగులు చల్లాను. ఎద్దు చచ్చింది. బావి ఎండింది. ఆ వైపు అడవిలోంచి ఏనుగులు రావడం మొదలైన కాలం అది. ఏనుగుల మాట తరచుగా వచ్చేది. వచ్చాయి, తొక్కాయి, తిన్నాయి, వెళ్లాయి. ఆ నాలుగు క్రియలూ నేను ఏ పుస్తకంలోనూ కాదు, చిన్నప్ప చేనిలో నేర్చుకున్నాను. చదవడం అయిపోగానే తాత, “అంతేనా?” అని అడిగేవాడు. “అంతే తాతా.” “వెనకపక్క?” “వెనక అడ్రసుండాది.” అప్పుడు తల ఊపి జవాబు చెప్పేవాడు, నేను రాసి, రాసింది నేనని అడుగున నా పేరు పెట్టేదాన్ని. జవాబు కూడా మామూలుదే. దగ్గు వచ్చింది, తగ్గింది, వాన పడింది. చివర మాత్రం ప్రతి కార్డులోనూ ఒకే మాట చెప్పేవాడు: ఇగ్నోవిస్తినె. ఆ క్రియ నా పుస్తకంలో ఉంది గనుక అర్థం నాకు తెలిసింది. క్షమించావా, అని ప్రశ్న. వచ్చే కార్డులో దానికి జవాబు ఉండేది కాదు. రాగులు కోశాను, అని ఉండేది.

దేనికి క్షమించాలి అని ఒకనాడు అడిగాను. పళ్లపొడి నూరుతున్న చెయ్యి ఆగింది. చదువుకునే రోజుల్లో సెలవులకు చిన్నప్పతో కలిసి వాళ్ల ఊరికి పోయాడట. ఊళ్లో గంగమ్మ జాతర. చిన్నప్ప బాప్తిస్మం తీసుకున్నవాడైనా వాళ్లమ్మ తీసుకోలేదు. ఇంట్లో గంగమ్మకు బలిగా కోసిన యాట కూర వండారు. చిన్నప్ప తిన్నాడు. తిరిగి వచ్చాక ఈయన దొరకు చెప్పాడు. “అడిగినాడు, సెప్పినాను. అబద్ధం సెప్పలా పాపా,” అన్నాడు తాత. చిన్నప్పను చదువులోంచి తీసేశారు. ప్రభువు బల్ల నుంచి కూడా నిలిపేశారు. విగ్రహానికి అర్పించింది తిన్నవాడికి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వరు. ఏడాది తిరగక ముందే ఈయనా అక్కడ ఉండలేక వదిలేసి, కాంపౌండరు పని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్లు ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఈయనే మొదటి కార్డు రాశాడు. తెలుగులో రాయడానికి సిగ్గేసిందట. లాటిన్‌లో రాస్తే వేరెవరో రాసినట్లుండిందని చెప్పాడు.

అది విన్నప్పటి నుంచి కార్డు వచ్చిన ప్రతిసారీ నేను ముందు చివరి మాట వెతికేదాన్ని. ఆ మాట నా సొంత అవసరం అయిపోయింది. ఒక ముసలాయన మరో ముసలాయన్ని ఒక కూర ముద్ద కోసం ఇంతకాలం ఏడిపించడం నాకు క్రూరంగా తోచింది. చలికాలంలో తాతకు రొమ్ములో నీరు చేరింది. మదనపల్లె తీసుకుపోయారు. మా అమ్మ వార్డులోనే పది రోజులున్నాడు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారని అమ్మ అవ్వతో చెప్పింది. ఇంటికి వచ్చాక ఆయన అన్నం మానేశాడు, రాగిజావ రెండు గుక్కలు తాగేవాడు. టపా వేళకు మాత్రం మంచం వాకిట్లో వేయమనేవాడు. నారాయణప్ప సైకిలు చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టి మెడ నిలబెట్టేవాడు. కార్డు లేని రోజు నారాయణప్ప కూడా మా ఇంటి ముందు తొక్కడం ఆపకుండా, తల వంచుకుని పోయేవాడు. అలాంటి మూడు వారాల తర్వాత ఏనుగులు తినేసిన ఆ కార్డు వచ్చింది. ‘అంతేనా’ అన్న మాట నేను మరోసారి వినలేకపోయాను. అందుకే ఆరో క్రియ చదివాను.

ఆ రోజు ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు కార్డు, పెన్ను పట్టుకుని కూర్చుంటే, “ఇప్పుడొద్దులే పాపా,” అన్నాడు. తర్వాత కూడా చెప్పలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ‘అమావి’ ఒకసారి చెప్పమన్నాడు. మంచం పట్టె మీద వేలితో దెబ్బలు వేశాడు. ఆరూ వేశాడు. మూడో వారం ఆదివారం ఉదయం, చర్చిలో గంట కొడుతుండగా పోయాడు. తలగడ కింద కార్డు నేను తీసి దాచుకున్నాను. భూస్థాపనకు చిన్నప్ప రాలేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన భాష నా ఒక్కదానికే వచ్చని అప్పుడు నాకు పిచ్చి ఆలోచన. ఆయనకు తెలుగు వచ్చన్న సంగతే తట్టలేదు.

నాలుగో రోజు అవ్వతో అబద్ధం చెప్పి, పలమనేరులో బస్సు మారి రామకుప్పం పోయాను. అక్కడి నుంచి నడిచాను. చిన్నప్ప చేనిలో ఉన్నాడు. ఏనుగులు తొక్కిన రాగి మళ్లలో మిగిలిన వెన్నులు కొడవలితో ఏరుతున్నాడు. సన్నగా, నల్లగా, నిటారుగా ఉన్న మనిషి. నేనెవరో చెప్పాను. “దానియేలు పొయ్యినాడా?” అన్నాడు నేను ఇంకా ఏమీ చెప్పకుండానే. “నాలుగు దినాలయింది తాతా.” కొడవలి గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, నన్ను ఇంటికి తీసుకుపోయాడు. కోడలు సంగటి, ఉలవచారు పెట్టింది. తినే దాకా ఒక్క మాటా అడగలేదు. తిన్నాక నేను కార్డు తీసి, చేసిందంతా చెప్పాను.

“నేను రాయలేదే,” అన్నాడు.

“రాయలేదు తాతా. నేనే సదివినాను.”

“యాల సదివితివి?”

“ఆయప్ప ప్రతిసారీ అడుగుతాండె. ఒక కూరముక్కకు ఇంత పంతమేంది అనుకున్నాను.”

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. “ఆ కూర మా యమ్మ పెట్టింది పాపా. జాతరకని రెండు దినాలుగా పస్తుండె మా యమ్మ. మేము తింటేనే తింటానని కూసుండె. తినినాము.”

“తినినాము అంటే?”

“ఇద్దరమూ. వాని ఆకులో రెండుసార్లు యేసింది మా యమ్మ. శానా బాగుండాదమ్మా అని కూడా అన్నాడు. వానికి మర్యాద తెలుసు. దొర దగ్గర మాత్రం నా ఆకు సంగతే సెప్పినాడు.”

 నేను ఎవరి తరఫున ఏది క్షమించానో నాకే తెలియదని అప్పుడర్థమైంది. చిన్నప్ప కార్డు తీసుకుని వెనక్కి తిప్పాడు. “నేను పెన్ను ఒత్తి రాస్తాను. మా దొర నా రాత చూసి, కాగితానికి నాగలి కట్టినావా అని ఎగతాళి సేసేవాడు. ఇదిగో, ఎనక ఎట్ల ఉబ్బినాయో సూడు. కండ్లు పొయ్యినోని బొటనేలు ఇది తడిమితే ఏముందో ఏం లేదో తెలిసిపోతాది.” నేను చూశాను. ఐదు క్రియలూ కార్డు వెనక తేలి ఉన్నాయి. అడుగున కాగితం నున్నగా ఉంది. “తడిమినాడా?” అని అడిగాడు. తడిమాడని చెప్పాను. “ఏమన్నాడు?” “ఏమీ అనలేదు తాతా.” ఆయన కార్డు నా చేతికి తిరిగిచ్చాడు. “ఇప్పుడన్నా రాస్తావా?” అని అడిగాను. “సచ్చినోనికి టపా యాడికి పోతాదమ్మా,” అన్నాడు. లేచి వస్తుంటే మాత్రం, “కార్డు ఈడ ఉంచిపో,” అన్నాడు. ఉంచి వచ్చాను. మళ్లీ ఆ ఊరు పోలేదు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికలో పనిచేశాను. మొదట విలేకరిగా, ఆ తర్వాత డెస్కులో. వార్త అంటే భూతకాలమే. అన్నారు, తెలిపారు, మరణించారు, కూలిపోయింది. కొత్తగా చేరిన పిల్లలు రెండో పక్షం మాట లేకుండా కథనం తెస్తే నేను తిప్పి పంపేదాన్ని. కఠినురాలినని పేరు పడింది. ఎందుకంత పట్టింపు అని ఎవరైనా అడిగితే వృత్తి ధర్మం అనేదాన్ని. నేను వినిపించిన మొదటి వార్త, ఒక పక్షమే విని, లేని మాట చేర్చి వినిపించిందని ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల మదనపల్లెలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. చిన్నప్ప మనవరాలు. ఆయన బతికినంత కాలం ఒక రేకు డబ్బాలో దాచుకున్న కార్డుల కట్ట తెచ్చింది. చివరి రెండేళ్ల వాటిలో కింద నా పేరు ఉంది గనుక, ఎవరెవర్నో అడిగి నన్ను పట్టుకుంది. కార్డులు చదివిపెట్టమని రాలేదు. ఆ పని ఆమె ఫోను ముందే చేసేసింది. కార్డు మీద ఫోను పట్టి చూపించింది, అక్షరాలు తెలుగైపోయాయి. నేను రెండేళ్లు కల్వం దెబ్బలకు నేర్చుకున్నది ఆ పిల్ల చేతిలో ఒక రెప్పపాటు. అయినా ఆమెకు అర్థం కాలేదు. “వానలు, దగ్గులు, సరే మేడమ్. ప్రతి దాంట్లో క్షమించావా అనుండాది. ఎవురు ఎవుర్ని?” అంది. కట్టలో అడుగున మొట్టమొదటి కార్డు ఉంది, దానియేలు తాత కళ్లున్నప్పటి చేతిరాత, పొట్లం మడతలాగే పొందికైనది. అందులో ఒకటే వాక్యం. ఫోను లేకుండానే చదివాను. నేనూ తిన్నాను. నాకు చెప్పనిది ఆయన చెప్పవలసిన మనిషికి ఎప్పుడో చెప్పేశాడు.

ఆ అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. ఈ వయసులో చెప్పడం తేలికని అనుకున్నాను గాని, కాలేదు. విని ఆమె తన ఫోను చేతిలో తిప్పుకుంటూ కూర్చుంది. ఆ ఫోను ఆమె వేలు పెడితే తప్ప తెరుచుకోదు, పోస్టుమ్యాన్ కాదు కదా, కన్నతల్లి కూడా అందులో ఒక్క మాట చదవలేదు. మా కాలంలో దాచుకోవడానికి ఒక భాషే నేర్చుకోవలసి వచ్చింది. దాచడం వాళ్లకు సులువైంది. ఒకరినొకరు అడగడం సులువైందో లేదో ఆమెను అడగలేదు.

కట్ట రెండుసార్లు వెతికాను. నేను వదిలి వచ్చిన కార్డు, ఏనుగుల కార్డు, అందులో లేదు. అడిగాను. ఆమె ఆలోచించి, “తాతను పెట్టెలో పెట్టినప్పుడు రొమ్ము మీద బైబిలు పెట్టినాము మేడమ్. లోపల ఒక పాత కార్డు ఉండె. పేజీ గుర్తుకు పెట్టుకున్నాడేమో అని తీయలా,” అంది.

“అడుగున ఏమన్నా రాసుండెనా?”

“సూడలేదు మేడమ్.”

రామకుప్పం దగ్గర సమాధుల తోటలో, కుప్పం గ్రానైటు పలక కింద, ఆ కార్డు చిన్నప్ప రొమ్ము మీద ఉంది. దాని మీద ఐదు క్రియలున్నాయో, ఆరున్నాయో నాకు తెలియదు.